తెల్లవారుజాము హరీస్

డిసెంబరు నెల చివరి శనివారం మధ్యాహ్నం మేము కుటుంబ సమేతంగా కల్వకుర్తి నుండి హైదరాబాదుకు బయలుదేరాము. అమ్మీ, మా ఆపా, ఆపా కూతురు, మా శ్రీమతి, ఇద్దరు పిల్లలు వెంట ఉన్నారు. బంధువుల ఇంట పెళ్ళి లేదు, ఆసుపత్రి పని లేదు. ఒక బజారు వీధిలో తిని రావడానికి వెళ్ళాము. ఇంత చిన్న ప్రయాణానికి మా ఇంట పదిహేడు రోజులు చర్చ జరిగింది.

హైదరాబాదులో తిండి వీధులంటే అందరూ చార్మినార్ పరిసరాలనే చెబుతారు. రంజాన్ రాత్రులలో అక్కడ కాలు మోపే చోటుండదు. మేము వెళ్ళినది బార్కస్. శ్రీశైలం రోడ్డు మీదుగా నగరంలోకి వచ్చేవారికి పహాడీ షరీఫ్ దాటిన తరువాత, చాంద్రాయణగుట్ట రాకముందు ఎదురయ్యే బస్తీ అది. మా ప్రాంతం వారు బస్సు కిటికీలోంచి వందసార్లు చూసి ఉంటారు గాని దిగి నడిచినవారు తక్కువ. మేమూ ఆ కోవకే చెందుతాము.

మా దుల్హాభాయ్ మాత్రం దిగేవారు. ఆయన డీసీఎం నడిపేవారు. రాత్రివేళ పల్లీలో, కూరగాయలో నగరానికి చేర్చి, ఖాళీ బండితో తెల్లవారుజామున తిరిగి వస్తూ బార్కస్‌లో ఫజ్ర్ నమాజు చేసుకొనేవారు. ఆ తరువాత అక్కడే ఒక గిన్నె హరీస్ తిని, ఇంటికోసం స్టీలు టిఫిన్‌లో మరికొంత కట్టించుకొని వచ్చేవారు. రెండు గంటల ప్రయాణంలో ఆ హరీస్ చల్లారి ముద్దగా గడ్డకట్టేది. ఆపా దానిని చిన్న మంటపై పెట్టి, కాసిని వేడినీళ్ళు చిలకరించి, గరిట వెనుకభాగంతో ఉండలు చిదిపి, నెయ్యి వేసి పిల్లకు పెట్టేది. "ఇది అక్కడ తినాలి, పొయ్యి మీదనుండి దించుతుండగా తినాలి. ఒకసారి నిన్ను తీసుకువెళతాను" అని ఆయన ఇరవై రెండేళ్ళు చెప్పారు. ఆగస్టు మొదటి వారంలో ఒక రాత్రి గుండెపోటు వచ్చి, ఆసుపత్రి చేరకముందే వెళ్ళిపోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌ను ఆపా ఇంటనే గడిపింది. అది ముగిసిన మరునాడు మమ్మల్ని పిలిచి, "తమ్ముడూ, నన్నొకసారి బార్కస్ తీసుకువెళతావా?" అని అడిగింది. అడిగింది అదొక్కటే. బీమా కాగితాల గురించి అడగలేదు, బండి అప్పు సంగతి అడగలేదు.

మేము వెంటనే సరేనని ఉండవలసింది. అనలేదు. మా వీధిలోనే ఉండే పెద్ద ఖాలాకు ఆ మాట చేరింది. ఆమె వచ్చి కూర్చొని, "భర్త పోయి ఆరు నెలలైనా కాలేదు, బజారు తిండికి తయారైందా? నలుగురూ ఏమంటారు?" అన్నది. అమ్మీ మౌనంగా ఉండిపోయింది. మేము కూడా, పిల్లల పరీక్షలని, కారు మరమ్మతు అని రెండు వారాలు నెట్టుకొచ్చాము. ఇక్కడ దాచుకోవడం దేనికి, ఆ రెండు వారాలూ మేము భయపడినది అల్లాహ్‌కు కాదు, వీధికి.

ఇద్దత్‌కు ఒక గడువున్నది. ఆ గడువును నిర్ణయించినవాడే దానికి అంతమూ పెట్టాడు. ఆ తరువాత ఆ స్త్రీ మర్యాదకు లోబడి బయటికి వెళ్ళవచ్చు, పని చేసుకోవచ్చు, కోరుకుంటే మరల వివాహమాడవచ్చు. ఆమెను ఏడాదిపాటో, జీవితాంతమో గడప లోపల ఉంచే ఆచారం మన ధర్మం నుండి వచ్చినది కాదు. చుట్టూ ఉన్న సమాజం నుండి మనం అరువు తెచ్చుకొని, ఆ పైన దానికి మన పేరు పెట్టుకున్నాము. చివరకు ఈ మాట అమ్మీయే ఖాలాతో అన్నది. మేము అనవలసిన మాటను డెబ్బైయేళ్ళ అమ్మీ అనవలసి వచ్చింది.

బార్కస్‌కు దగ్గరలోనే మా శ్రీమతి తరఫు బంధువులున్నారు. వారి ఇంట సామాను దించి బజారుకు వచ్చేసరికి నాలుగు గంటలు దాటింది. అప్పుడే అస్ర్ అజాన్ వినిపించింది. ఇంకా ముప్పావుగంట సమయం ఉన్నదనుకుంటున్న మాకు ఆశ్చర్యం కలిగింది. తెలుగునాట మన మస్జిదులలో అధికభాగం హనఫీ పద్ధతిని పాటించేవే గనుక అస్ర్ కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. బార్కస్ వారిలో అత్యధికులు షాఫయీలు. వారి అస్ర్ ముందుగానే ప్రారంభమవుతుంది. తినడానికి వచ్చిన మేము ముందుగా నమాజుకు నడిచాము. ఆడవారు కారులో కూర్చున్నారు.

ఈ తేడా వెనుక ఆ బస్తీ చరిత్ర అంతా ఉన్నది. నిజాముల కాలంలో యెమన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుండి అరబ్బులు సైనికులుగా దక్కనుకు వచ్చారు. ఇక్కడివారు వారిని చావుష్‌లని పిలిచారు. అది తుర్కీ సైన్యంలోని ఒక హోదా పేరు. వారి దళాలు నివసించిన బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాట జనం నాలుకలపై నలిగి బార్కస్ అయింది. హద్రమౌత్‌లో ముకల్లా రేవును రాజధానిగా చేసుకొని 1967 దాకా పాలించిన ఖుఐతీ సుల్తానులు కూడా ఇక్కడ నిజాం కొలువులో వంశపారంపర్యంగా జమేదారులు. అంటే ఆ ఎడారి రాజ్యపు సింహాసనానికీ మన దక్కను జీతానికీ సంబంధం ఉండేదన్నమాట. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత అరబ్బు దళాలు రద్దయ్యాయి. కొందరు సముద్రం దాటి వెళ్ళిపోయారు. ఉండిపోయినవారు తోటలు పెంచారు, చిన్న వ్యాపారాలు చేసుకున్నారు. ఆ తరువాతి తరాలు గల్ఫ్ దేశాలకు ఉద్యోగాలకు వెళ్ళాయి. నేటికీ ఆ వీధిలో పెద్దలు లుంగీ కట్టుకొని, భుజాన రుమాలు వేసుకొని నడుస్తుంటారు. దుకాణాలలో లుంగీలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. ఉర్దూ మాటల నడుమ అరబ్బీ మాటలు దొర్లుతుంటాయి.

నమాజు తరువాత మొదట జామపండ్ల బండ్ల దగ్గరకు వెళ్ళాము. బార్కస్ జామ అంటే పాత హైదరాబాదీలకు ఒక గుర్తు. ఉత్తరాది ఉర్దూలో ఈ పండును అమ్‌రూద్ అంటారు. మన దక్కనీ ఉర్దూలో మాత్రం జామ్. మన తెలుగు జామే వారి నోట ఆ రూపం దాల్చింది. హద్రమౌత్ నుండి వచ్చినవారు నాటిన చెట్టుకు తెలుగు పేరు నిలిచిందని చెబితే మా అమ్మాయి నవ్వింది. ఒకప్పటి తోటలలో చాలావరకు ఇప్పుడు ఇండ్లయిపోయాయి. బండివాడు "ఖాలిస్ బార్కస్ మాల్" అని ఎంత ఒట్టు పెట్టుకున్నా, ఆ బుట్టలోని పండ్లన్నీ ఆ నేలవే అని మేము నమ్మలేదు. అయినా పండు బాగున్నది. నాలుగుగా చీల్చి, ఉప్పూ కారమూ రాసి ఇచ్చాడు. అమ్మీకి పండ్లు లేవు. బాగా పండినదాని గుజ్జును ఆపా చెంచాతో తీసి పెట్టింది.

వీధి అందమైనదని చెప్పలేము. దుమ్ము, ఆటోలు, హారన్లు. కాలువ పక్కన నడవాలంటే బురఖా అంచు ఎత్తి పట్టుకోవాలి. ఆడవారు నిలబడి తినే ఏర్పాటు ఎక్కడా కనబడదు. బజారు తిండిని మగవారి హక్కుగా భావించే అలవాటు ఎంత లోతుగా ఉన్నదో అటువంటి వీధిలో నలుగురు స్త్రీలను వెంటబెట్టుకొని నడిచినప్పుడే మాకు తెలిసివచ్చింది. కబాబుల బొగ్గుల పొయ్యి ముందు మేము ముందుకు జరగగలిగాము, వారు వెనుక నిలబడవలసి వచ్చింది.

మగ్‌రిబ్ తరువాత మండీకి వెళ్ళాము. ఈ హోటళ్ళలో మాత్రం కుటుంబాలకు తెరలు కట్టిన గదులుంటాయి. నేలపై తివాచీ, ఆనుకోవడానికి దిండ్లు, నడుమ ఒక పెద్ద పళ్ళెం. అమ్మీ మోకాళ్ళు వంగవు. మేము ఇబ్బంది పడుతుండగానే అక్కడి కుర్రవాడు ఎవరూ అడగకుండా ఒక పొట్టి బల్ల తెచ్చి, పళ్ళాన్ని దానిపై పెట్టి, అమ్మీకి కుర్చీ వేశాడు. బల్లకు ఒకవైపు అమ్మీ, మూడువైపులా మేము మోకాళ్ళపై. చూసేవారికి విచిత్రంగా ఉండి ఉంటుంది.

మండీ హద్రమౌత్ వంట. నేలలో దింపిన పొయ్యిలో అడుగున బియ్యం, పైన మాంసం ఉంచి మూత బిగిస్తారు. మాంసపు రసం, కొవ్వు బొట్లు బొట్లుగా అన్నంలోకి దిగుతాయి. అరబ్బీలో మంచుబిందువును నదా అంటారు. ఆ తడి మూలంగానే మండీ అన్న పేరు వచ్చిందని చెబుతారు. బిర్యానీకి అలవాటుపడిన మన నోటికి ఇది మొదట చప్పగా తోస్తుంది. కారం లేదు, పుదీనా లేదు. మిరియం, యాలకుల వాసన, పొగ వాసన. పక్కన టమాటా, పచ్చిమిరపతో నూరిన పచ్చడి ఇస్తారు. "మాంసం తెల్లగా ఉన్నది, ఉడికిందా?" అని అమ్మీ రెండుసార్లు అడిగింది. వేలితో తాకితే ఎముక నుండి ఊడివచ్చింది. ఇప్పుడు మన జిల్లా కేంద్రాలన్నింటిలోనూ బార్కస్ పేరు బోర్డుకెక్కించి, రంగు కలిపిన అన్నంపై వేయించిన కోడికాలు పెట్టి మండీ అని అమ్ముతున్నారు. వాటిని తిని ఇదేనా అనుకున్నవారు ఒకసారి ఇక్కడికి రావాలి.

ఒకే పళ్ళెంలో తినేటప్పుడు ఎవరి ముందున్నది వారు తినాలని దైవప్రవక్త (స) ఒక బాలునికి నేర్పిన మర్యాద మన పిల్లలందరికీ పాఠంగా తెలుసు. ఇంట్లో ఎవరి పళ్ళెం వారిదైనప్పుడు దానిని పాటించే సందర్భమే రాదు. ఇక్కడ మా చిన్నవాడు పెద్ద ముక్క కోసం అటువైపు చేయి చాచి, తనంతట తానే వెనక్కు తీసుకున్నాడు. ఆ ముక్క ఆపా ముందున్నది. ఆమె దానిని విడదీసి, కొంచెం కొంచెంగా అందరి ముందుకూ నెట్టింది. అన్నీ నెట్టేసిన తరువాత ఆమె ముందు అన్నమే మిగిలింది. ఇంట్లో కూడా ఇంతే జరుగుతుంది. వేరువేరు పళ్ళాలలో మాకది కనబడదు. మా శ్రీమతి చూసి, ఏమీ అనకుండా తన ముందున్న ముక్కను తిరిగి ఆమెవైపు జరిపింది. ఆపా తలవంచుకొని తిన్నది. దుల్హాభాయ్ పోయిన తరువాత ఆమె మాంసం ముట్టడం మేము చూడడం అదే మొదలు.

ఆశకొద్దీ పెద్ద పళ్ళెం చెప్పాము. మూడోవంతు మిగిలింది. కట్టించుకొని బంధువుల ఇంటికి తీసుకువెళ్ళాము. ఆ రాత్రి వారి పిల్లలు తినగా కూడా మిగిలింది. ఎంతమందిమో లెక్కపెట్టుకొని, దానికంటే ఒక మెట్టు తక్కువ చెప్పడం మేలు.

మరునాడు ఫజ్ర్‌కు మేమూ మా పెద్దవాడూ మస్జిదుకు వెళ్ళాము. రెండవ రకాతులో రుకూ తరువాత అందరూ చేతులెత్తి ఖునూత్ దుఆలో నిలబడితే, మావాడు ఒక్కడే సజ్దాకు వంగబోయి మళ్ళీ లేచాడు. బయటికి వచ్చాక సిగ్గుపడుతుంటే పక్కనున్న పెద్దమనిషి భుజం తట్టి, "కొత్తవారందరూ చేసేదే బేటా" అన్నాడు. దుల్హాభాయ్ కూడా మొదటిసారి అలాగే వంగి ఉంటారా అని మాకు అనిపించింది.

బయట చీకటి ఇంకా విడలేదు. హరీస్ డేగ్‌ల చుట్టూ జనం చేరారు. పిల్లల చేతులలో గిన్నెలు, టిఫిన్లు, మూతపాత్రలు. ఇంటికి తీసుకువెళ్ళేవారే ఎక్కువ. మిగతా హైదరాబాదు రంజాన్‌లో హలీమ్ కోసం ఎదురుచూస్తుంది. ఇక్కడ హరీస్ ఏడాది పొడుగునా ఉదయపు ఆహారం. ఈ రెండింటికీ బంధుత్వం ఉన్నది గాని రెండూ ఒకటి కావు. హలీమ్‌లో పప్పులు, మసాలాలు, నెయ్యిలో వేయించిన ఉల్లి చేరి అది దక్కను వంటయింది. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. హరీస్ సాదాసీదా వంట. నానిన గోధుమలు, మాంసం, ఉప్పు, ఒకటి రెండు సుగంధద్రవ్యాలు. రాత్రంతా సన్నని సెగపై ఉడకాలి, ఆపైన గోధుమ ఏదో మాంసమేదో తెలియనంతవరకు పెద్ద కర్రతో దంచాలి. ఆ పేరుకు మూలమైన అరబ్బీ ధాతువుకు అర్థమే దంచడం. పదవ శతాబ్దంలో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన బగ్దాదు వంటల గ్రంథంలోనూ హరీసా ఉన్నది. వెయ్యేళ్ళు దాటినా ఆ వంటలో పెద్దగా మార్పేమీ లేదు, కర్ర పట్టిన చేయి తప్ప.

ఆడవారిని కారులోనే ఉండమని, గిన్నెలు అక్కడికే తెస్తామని చెప్పాము. ఆపా వినలేదు. బురఖా సర్దుకొని దిగింది. తిన్నగా డేగ్ దగ్గరకు వచ్చి, మగవారి వరుసకు కాస్త ఎడంగా నిలబడింది. మేము పక్కన నిలబడ్డాము. ఎవరూ ఆమెను వింతగా చూడలేదు. ఖాలా భయపడిన ఆ నలుగురూ అక్కడ లేరు. ఉన్నవారికి తమ గిన్నె నిండడమే ముఖ్యం.

"మీఠానా, ఖారానా?" అని గరిట పట్టినవాడు అడిగాడు. చక్కెర, నెయ్యి వేసుకొని తియ్యగా తినేవారున్నారు, ఉప్పగా తినేవారున్నారు. ఆపా తడుముకోకుండా, "సగం గిన్నె ఖారా, దాని తరువాత సగం గిన్నె మీఠా" అన్నది. ఆ లెక్క దుల్హాభాయ్‌ది. గరిటవాడు తలెత్తి, "ఖాలా, ఎక్కడినుండి వచ్చారు?" అన్నాడు.

"కల్వకుర్తి."

"ఆ దారి బండ్లవాళ్ళు చాలామంది ఇక్కడ ఆగుతారు" అని అతడు పక్కవాని గిన్నె అందుకున్నాడు.

ఆమె ఇంకేమైనా చెబుతుందేమోనని మేము ఎదురుచూశాము. చెప్పలేదు. కారు దగ్గరకు వచ్చి, తలుపు తెరిచి పెట్టుకొని, అమ్మీ పక్కన కూర్చొని తిన్నది. పొగలు కక్కే హరీస్, పైన తేలే నెయ్యి, తీగలా సాగే మాంసపు పీచు. మాకైతే ఇంత రుచి మునుపెన్నడూ ఎరగమనిపించింది. అమ్మీ పండ్లు లేకుండానే గిన్నె ఖాళీ చేసి, "ముసలివాళ్ళకోసం చేసిన వంట ఇది" అన్నది. ఆపాను ఎలా ఉన్నదని అడిగాము. ఆమె చాలాసేపు ఆలోచించింది.

"బాగున్నది తమ్ముడూ. కాని మన ఇంట్లో వేడిచేసిందే బాగుండేది. ఆయనకు తెలియదు."

ఆ మాట అంటూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమె కూతురు తల్లి భుజంపై తల ఆనించింది. మేము కారు దిగి, డబ్బులివ్వాలన్న నెపంతో అటు వెళ్ళాము.

తిరిగి వచ్చేసరికి ఆపా తన సంచిలోనుండి స్టీలు టిఫిన్ తీసి మా చేతికిచ్చింది. మూతపై చిన్న సొట్ట, పక్కన దుల్హాభాయ్ పేరు చుక్కలతో చెక్కి ఉన్నది. కల్వకుర్తిలో బయలుదేరేటప్పుడే దానిని తోమి సంచిలో పెట్టుకుందట. మాకెవరికీ చెప్పలేదు. దానిని నింపించి తెచ్చాము.

ఇంటికి చేరేసరికి హరీస్ ఎప్పటిలాగే గడ్డకట్టింది. ఆపా బురఖా తీయకముందే పొయ్యి వెలిగించింది. వేడినీళ్ళు చిలకరించి, గరిట వెనుకభాగంతో చిదిపి, నెయ్యి వేసింది. మొదటి గిన్నెపై మూత పెట్టి, మా చిన్నవాని చేతికిచ్చి, "పెద్ద ఖాలాకు ఇచ్చిరా. బార్కస్ నుండి ఫుప్పూ తెచ్చిందని చెప్పు" అన్నది.

అది ఆదివారం మధ్యాహ్నం మాట. ఖాలా గిన్నె తీసుకున్నది, వాడిని లోపలికి పిలిచి ఒక లడ్డూ కూడా పెట్టిందట. ఏమీ అనలేదట. మేము ఇది రాస్తున్న నాటికి ఆ గిన్నె ఇంకా మా ఇంటికి తిరిగి రాలేదు.